లారీ ఎక్కే గుట్ట

ఆసిఫాబాద్ బస్సులో నా పక్కన కూర్చున్నామె గనుల కాలనీలో చిన్నపిల్లలకు టీచరు. వాళ్లకు అడవి మీద ప్రేమ కలగాలని గుట్టను గీయమన్నదట. ఒళ్లోని కాగితాలు చూపించింది. అన్నిటిలో ఒకటే బొమ్మ: చెట్టు లేని మట్టిదిబ్బ, దాని మీదికి ఎక్కుతున్న లారీ. గని తవ్వి పోసిన మట్టి అది.

"గిది గుట్ట కాదంటిని సార్. 'మా గుట్ట రోజూ పెరుగుతది, మీ గుట్ట ఏది టీచర్?' అన్నది ఒక పిల్ల. ఏడ చూపెట్టాలె? అసలు గుట్టనే గని కోసం తవ్విరి గద."

మూఢనమ్మకాలు వద్దు, కళ్లతో చూసిందే నమ్మండని బడి బడికీ తిరిగి చెప్పినవాణ్ని నేను. ఆ పిల్లలు చూసిందే గీశారు.

ఆమె ఎర్రపెన్ను తీసింది. "రైటు కొట్టాల్నా, తప్పు కొట్టాల్నా సార్?"

ఏ వాదనలోనూ తడుముకోని నేను, ఆమె దిగిపోయేదాకా కిటికీలోంచి బయట ఒక్క గుట్టయినా కనిపిస్తుందేమోనని వెతికాను.