కోపమొస్తే కూర్చోలేని అక్క

కోపమొస్తే ఆమె కూర్చోలేదు. మొయినాబాద్ బస్సులో నా పక్క సీట్లో ఉన్నప్పుడూ అంతే.

డౌన్ సిండ్రోమ్ ఉన్న నా పాపను చూసి, తన కొడుక్కీ అదే ఉందని ఆమే పలకరించింది. అలాంటి పిల్లల తల్లులకోసం సంఘం నడుపుతోందట. పాప పుట్టినప్పుడే చేవెళ్ల దవాఖానలో, మా వివరాలు ఆ సంఘానికి పంపమని సంతకం పెట్టానని, ఏడాదైనా ఎవరూ ఫోన్ చేయలేదని చెప్పాను. ఆమె కదులుతున్న బస్సులోనే లేచి నిలబడింది.

మరునాడు నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. గుమాస్తా తెరిచిన డ్రాయరులో నా కాగితంతో పాటు ఇంకెందరో తల్లుల కాగితాలు ఉన్నాయి.

“పంపుడు మర్చిపోయినం మేడం,” అన్నాడు.

“ఏడాది సంది గీమె ఒక్కతే ఏడ్చింది. గది గూడ మర్చిపోవాల్నా?”

అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గేసి, “పోదాం అక్కా” అన్నాను.

“సిగ్గు వాళ్లకుండాలె. నువ్వు గూడ అడుగు చెల్లే.”

మా కాగితాలు ఎందుకు పంపలేదని అడిగాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గుమాస్తా అక్కడికక్కడే ఆ తల్లులకు ఫోన్లు కలిపి అక్క చేతికిచ్చాడు.

మొదటి తల్లి మాట పక్కనున్న నాకూ వినబడింది. “గిట్లాంటి పిల్లలు ఇంకెవరికన్న ఉన్నరా అక్కా?”

“ఉన్నరు చెల్లే. మస్తుమందిమి ఉన్నం.”