అయిదు కారు చక్రాలు

మా ఆయన పదహారేళ్ళు గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర కారు నడిపారు. చూపు తగ్గి స్టీరింగు వదిలేసిన ఏడాదే ఆ కారు కూడా పాత ఇనుము కింద పోయింది. ముక్కలు చేసే ముందు ఆసామి ఈయన్ని పిలిపించి, నీకేమైనా కావాలా అని అడిగారట. సీటు అడిగినా ఇంట్లో వేసుకుని కూర్చునేవాళ్ళం. ఈయన చక్రాలు అడిగారు. స్టెప్నీతో కలిపి అయిదు. వాటిని ధాన్యం లారీ మీద వేసుకుని బందరు తెచ్చారు.

ఇది యాభైల చివరి మాట. బందరులో ఉప్పుటేటి పక్క వీధిలో మా అత్తగారింట్లో ఉండేవాళ్ళం. పెరడంటే బట్టలు ఉతుక్కుని, ఒక మంచం వేసుకునేంత జాగా. అందులోనే గోడవారగా ఆ అయిదు చక్రాలూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టారు. నిలబెడితే ఒక పక్క అణిగిపోతాయన్నారు. ఎండకి రబ్బరు పగలకుండా పైన తడి గోనెలు కప్పేవారు. నెలకోసారి పంపుతో అన్నిటికీ గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసుకునేవారు. పై నాలుగూ దించడానికి, మళ్ళీ పేర్చడానికి రెండో పక్క నేను పట్టుకోవాలి. అంట్లు తోముకుంటూ ఉన్నా, పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా లేచి వెళ్ళి పట్టుకోవాలి.

"ఎందుకండీ ఇవి" అంటే, "గుడివాడ షెడ్డులో చక్రాల్లేని కారొకటి ఉంది. కళ్ళ ఆపరేషన్ అవగానే వెళ్ళి మాట్లాడతాను" అనేవారు. ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరుగారు ఆయనతోనే చెప్పారు, నేను పక్కనే ఉన్నాను. ఆ మాట మాత్రం ఆయన చెవిన పడనట్టే ఉండేవారు.

బందరు మట్టి బంకమట్టి. వానాకాలం వచ్చేసరికి అడుగు చక్రం అందులో కూరుకుపోయింది. చక్రాల మధ్య చిన్న నూతిలా గుంట ఏర్పడి, పడ్డ వాన పడ్డట్టు అందులోనే నిలిచేది. దాని మీద తడి గోనెలు. గోనె ఎత్తితే చాలు, దోమలు మొహం మీదికి లేచేవి.

మలేరియా వాళ్ళు ఇళ్ళకి మందు కొట్టి, గోడ మీద ఏదో రాసి వెళ్ళే రోజులవి. అప్పటికి నాకు అక్షరాలు రావు, మా పెద్దపిల్ల చదివి చెప్పేది. ఒకసారి వాళ్ళలో ఒకాయన గోనె ఎత్తి, నా గరిటే అడిగి తీసుకుని నీళ్ళు తోడి చూపించారు. సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతున్నాయి.

"ఇవి తీయించెయ్యండమ్మా. దోమల్ని మీరే పెంచుతున్నారు. ఇంట్లో బోదకాలు మనిషి ఉన్నారు కదా, ఆవిణ్ణి కుట్టిన దోమే పిల్లల్నీ కుడుతుంది."

ఆ మనిషి మా అత్తగారు. ఆవిడ ఎడమకాలు మోకాలి దాకా రోకలి మొద్దులా ఉండేది. గడప దాటాలంటే నేను ఒక చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఆ కాలు ఎత్తి అవతల పెట్టాలి.

మా పెద్దపిల్లకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ ఏడు మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. వచ్చినప్పుడల్లా గజ్జల్లో బిళ్ళ కట్టేది. మూడోసారి జ్వరం దిగాక కుడిపాదం పైన కొంచెం వాపు మిగిలిపోయింది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది. "నాయనమ్మకి చెప్పకమ్మా, ఏడుస్తుంది. నాన్నకీ చెప్పకు" అంది. నేను చెప్పలేదు. మలేరియా వాళ్ళిచ్చిన బోదకాలు మాత్రలు మింగించి, చక్రాలు వదిలించుకునే దారి వెతకడం మొదలుపెట్టాను.

పాత ఇనుము బండివాణ్ణి పిలిస్తే, "రబ్బరుతో నాకేం పనమ్మా, ఊడదీసి పెట్టండి, ఇనుము పట్టుకెళ్తాను" అన్నాడు. చెప్పులు కుట్టే ముసలాయన్ని అడిగితే, "ఇనుముతో నాకేం పని తల్లీ, టైరు ఊడదీసి ఇవ్వు" అన్నాడు. ఊడదీయడం మా వీధి మొత్తం మీద ఒక్క మనిషికే వచ్చు. ఆయన్ని అడగలేను.

ఒక ఆదివారం ఆయన చిన్నపిల్లని తోడు తీసుకుని చర్చిలో ఆరాధనకి వెళ్ళారు. పెద్దది నీరసంగా ఉందని పడుకుంది. అత్తగారు వీధరుగు మీద ఉన్నారు. నేను పై చక్రం ఒకటి దించి, దొడ్డిదారిన ఉప్పుటేటి గట్టుకి దొర్లించుకుంటూ వెళ్ళాను. రోజుకొకటి చొప్పున వదిలేద్దామని నా ఆలోచన. నీళ్ళు జోరుగా సముద్రం వైపు పోతున్నాయి. తోశాను. మునుగుతుందనుకుంటే, నిండా గాలి ఉంది కదా, తేలింది. తేలితే మాత్రమేం, పోతోంది కదా అనుకున్నాను. అది కనపడకుండా పోయేదాకా నిలబడి, ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.

మాది మొవ్వ పక్క పల్లెటూరు. అక్కడ కాలవ పైనుంచి వస్తుంది, పొలాల్లోకి పోతుంది. అందులో చెంబు జారిపోతే ఇక దాని సంగతి మర్చిపోవడమే. ఉప్పుటేటికి సముద్రంలాగే పోటూ పాటూ ఉంటాయని, పాటుకి పోయింది పోటుకి తిరిగొస్తుందని బందరు కాపురానికి వచ్చిన కొత్తలోనే విన్నాను. విన్నానే గాని, పట్టించుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం అందరం అన్నాలు తింటున్నాం. మా ఎదురింట్లో చేపల వేటకెళ్ళే ఆయన ఉండేవాడు, మా ఆయన్ని బావగారూ అని పిలిచేవాడు. ఒళ్ళంతా తడిసి, చక్రం దొర్లించుకుంటూ వచ్చాడు.

"బావగారూ, మీ కారు ముందొచ్చేసిందా, చక్రం వెనకొస్తోందండీ. ఏట్లో ఈదుకుంటా వస్తంటే పట్టుకొచ్చాను."

ఆ వీధిలో కారు చక్రాలున్న ఇల్లు మాదొక్కటే మరి. ఆయన కంచం ముందునుంచి లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, చక్రాల దొంతర తడుముకున్నారు. నాలుగే ఉన్నాయి.

"దొంగలెత్తుకుపోయి వదిలేశారంటావా బావా?"

"దొంగైతే ఏట్లో ఎందుకేస్తాడండీ" అని, నా మొహం చూసి ఎదురింటాయన వెళ్ళిపోయాడు.

"నేనే పడేశాను" అన్నాను.

"మొవ్వ వాళ్ళకి ఏరు వెనక్కి కూడా నడుస్తుందని తెలీదు పాపం" అన్నారు అత్తగారు లోపల్నుంచి. అందులో వెటకారం సగం, నన్ను కాయడం సగం.

ఆయన కేకలెయ్యలేదు. "చెప్పి చెయ్యొచ్చు కదా. నేనింకా ఇంట్లోనే ఉన్నాను" అన్నారు.

చెప్పడానికి నా దగ్గర ఓపిక లేదు. మలేరియా ఆయన మాటలు, పురుగులు, అత్తగారిని గడప దాటించడం, అన్నీ కూర్చుని చెప్పాలంటే పొద్దు చాలదు. పెద్దపిల్లని పిలిచి ఆయన పక్కన మంచం మీద కూర్చోబెట్టాను. ఆయన చెయ్యి పట్టుకుని దాని కుడిపాదం మీద పెట్టాను. అది కాలు వెనక్కి తీసుకోబోయి ఆగిపోయింది.

ఆయన బొటనవేలితో నొక్కారు. తీసి, వేలి కొసతో ఆ గుంట తడిమారు. ఎడమపాదం నొక్కి చూశారు. మళ్ళీ కుడిది నొక్కారు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెల్లు" అంది పిల్ల. "ఆ చక్రాల్లో పుట్టే దోమలకే" అన్నాను నేను.

"మంచం కింద పెట్టెలో టైర్లు ఊడదీసే లివర్లున్నాయి, తీసుకురా" అన్నారు నాతో.

ఆ మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా అదే పని. అడుగు చక్రం పలుగుతో పెకలిస్తే గాని రాలేదు. ముందు గాలి తీసెయ్యాలి. తర్వాత టైరు అంచు మీద ఎక్కి తొక్కితే గాని రిమ్ము వదలదు. ఆ తొక్కే పని నాది. ఆయన చేతులతో అంచు తడుముకుంటూ, "ఇక్కడ. మడమతో తొక్కు. ఇంకా" అనేవారు. రబ్బరు జివ్వున సాగి మళ్ళీ బిగుసుకునేది. రెండో చక్రానికే నా నడుం పట్టేసింది. నాలుగోదానికి లివరు జారి ఆయన మణికట్టు చెక్కుకుపోయింది.

"పదహారేళ్ళలో నిన్నొక్కసారి కూడా కారెక్కించలేదు. చక్రమన్నా ఎక్కావు" అన్నారు.

నవ్వడానికి కూడా ఊపిరి చాలక, ఊ అన్నాను.

రబ్బరు చెప్పులాయన తీసుకెళ్ళాడు. రిమ్ములు ఇనుము బండి ఎక్కాయి. ట్యూబులు ఎదురింటికి ఇచ్చేశాం. గుంటలో పొయ్యి బూడిద, ఇటుక ముక్కలు పోసి నేనే పూడ్చాను. ఆ తర్వాత ఆయన గుడివాడ షెడ్డు మాట ఎత్తలేదు. నెలకోసారి గాలి కొట్టే రోజు వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక వీధరుగు మీద వాళ్ళమ్మ పక్కన కూర్చునేవారు.

పెద్దపిల్లకి మరుసటి వానాకాలం ఒకసారి జ్వరం వచ్చింది. తర్వాత రాలేదు. ఆ పాదం ఇప్పటికీ రెండోదానికన్నా కాస్త లావు. చెప్పులు కొనేటప్పుడు కుడికాలికి పట్టేవి చూసి కొనుక్కుంటుంది. అక్కడితో ఆగింది. చక్రాలు తీసేసినందుకు ఆగిందో, మాత్రలకి ఆగిందో నాకు తెలియదు. ఇంటి ముందు మురుగుకాలవ అలాగే ఉండేది, దోమలూ అలాగే ఉండేవి. దోమలు తగ్గాయా అని మాత్రం ఆయన నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే తగ్గాయనే చెప్దామని నేను సిద్ధంగా ఉండేదాన్ని.