అక్కకు ఇచ్చిన ఆర్డరు

సరిహద్దు కొండ మీద మా ఆర్మీ పోస్టుకి చేరింది నవంబరులో, మధ్యాహ్నం రెండింటికి. వీపున ఇరవై కేజీల పిట్టు, అంటే మా సామాన్ల సంచి, చేతిలో టెలిఫోను తీగ చుట్ట. అప్పటికే మోకాలి లోతు మంచు. రావులపాలెం దగ్గర లంక ఊళ్లో పుట్టినవాణ్ణి. అంతకుముందు నేను చూసిన ఐసంతా చేపల పెట్టెల్లో వేసేదే. బంకరు గుమ్మంలో సుబేదార్ సాబ్ నన్ను పైనుంచి కిందకి చూసి, "ముందు కాళ్లు కాపాడుకో. తుపాకీ సంగతి తర్వాత," అన్నారు.

నాది లైన్‌మన్ డ్యూటీ. మా పోస్టుకీ కింద ఉన్న కంపెనీ హెడ్‌క్వార్టర్‌కీ మధ్య ఫోను తీగ తెగితే వెళ్లి కలపాలి. జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నరకి కింద నుంచి వైర్‌లెస్ మోగింది.

"లైన్ డెడ్. ఓవర్."

"బయల్దేరుతున్నా. ఓవర్."

తీగ కలిపాను. తిరిగి వస్తుంటే గడ్డకట్టిన వాలు మీద బూటు జారింది. కుడి మోకాలు బండకి కొట్టుకుంది. లేవబోతే కాలు రాలేదు. పోస్టు నుంచి వంటవాడూ, సిగ్నల్ ఆపరేటరూ వచ్చి స్ట్రెచర్ మీద మోసుకుంటూ కిందకి దించారు. చేరేసరికి మధ్యాహ్నం అయింది. "నీళ్ల మధ్య పుట్టానంటావు, గడ్డకట్టిన నీళ్ల మీద నిలబడలేవా?" అని ఆపరేటర్ దారి పొడుగునా ఏడిపించాడు. తన చేతి గ్లవుజులు మాత్రం తీసి నాకు తొడిగాడు.

మోకాలి చిప్ప చిట్లింది. తొడ దగ్గర్నుంచి సిమెంటు కట్టు వేశారు. ఆరు వారాలకి విప్పితే ఆ కాలు నాదేనా అనిపించింది. మడత పడదు. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ హవల్దార్ మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "నొక్కు. అలాగే ఉంచు. వదులు," అనేవాడు. మడమని పరుపు మీద జరుపుతూ మెల్లగా వంచమనేవాడు. కాస్త కదలిక వచ్చాక సిక్ లీవు ఇచ్చారు. వెళ్లేముందు హవల్దార్ మొహమాటం లేకుండా చెప్పాడు. "ఇంటి దగ్గర రోజూ చెయ్యి. మెడికల్ బోర్డు గొంతుక్కూర్చోమంటుంది, పిట్టుతో మెట్లెక్కమంటుంది. నీవల్ల కాకపోతే స్టోర్లో కూర్చోబెడతారు. లేదంటే ఇంటికి పంపేస్తారు."

ఆ చివరి మాట నాకు మింగుడు పడలేదు. నన్ను మోసినవాళ్లు ఇంకా ఆ కొండ మీదే ఉన్నారు.

లీవులో అక్క ఇంట్లో దిగాను. మన గోదావరి మర్యాదల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్క నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. కాఫీ మంచం దగ్గరికే, బొమ్మిడాల పులుసు మంచం దగ్గరికే. నేను మోకాలి కింద తువ్వాలు చుట్ట పెడితే లాగేసి మెత్తటి దిండు పెట్టేది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ బొండాం చేతిలో పెట్టి, "కదలకు బాబూ, ఎముక అతుక్కోవాలి కదా," అనేవారు. శత్రువు మీద ఎలా పోరాడాలో నేర్పారు గానీ, గారెల పళ్లెం మీద ఎలా పోరాడాలో మాకు నేర్పలేదండి.

రెండు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం అన్నానికి పీట మీద కూర్చోబోయాను. మోకాలు వంగలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కన్నా ఎక్కువ బిగుసుకుపోయింది. భయం వేసింది. అక్కనీ బావనీ తీసుకుని మర్నాడే రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపిస్టు మేడం దగ్గరికి వెళ్లాను.

ఆవిడ కాలు వంచి చూశారు. అక్క చెయ్యి తీసుకుని నా ఎడమ తొడ మీద పెట్టారు. తర్వాత కుడి తొడ మీద పెట్టారు.

"తేడా తెలుస్తోందాండి?"

అక్క చెయ్యి తియ్యలేదు. "ఇది ఇలా సన్నబడిపోయిందేంటండి? పూటపూటా దగ్గరుండి పెడతానే ఉన్నాను కదండీ."

"తిండి వల్ల రాదండి. వాడని కండ కరిగిపోద్ది. కండ పోతే బరువంతా కీలు మీద పడుద్ది. ఎముక ఎప్పుడో అతికిందండి, ఇక కదిలిస్తేనే మోకాలు వంగేది. కొంచెం నొప్పి ఉంటుంది. వాపొస్తే ఐసు పెట్టి, తగ్గాక మళ్లీ చేయించండి."

"కూర్చుని తింటే కొండలే కరుగుతాయంటారు, నీ తొడెంత బామ్మర్దీ," అన్నాడు బావ.

మేడం నవ్వలేదు. అక్క వైపే చూస్తూ అన్నారు. "ఈ ఆర్డరు ఆయనకి కాదండి, మీకు. మంచినీళ్లు కూడా ఆయన్నే లేచి తెచ్చుకోనివ్వండి. గోడ పక్కన నడిపించండి. తూలినా ముందు ఆయన్నే నిలదొక్కుకోనివ్వండి."

"ఆయ్, అలాగేనండి," అంది అక్క.

మర్నాటి నుంచి ఇల్లు బ్యారక్ అయింది. పొద్దున్నే తువ్వాలు నొక్కడం, కాలు చాపి నిటారుగా లేపడం, మంచం అంచున కూర్చుని వంచడం. వారం వారం మేడం చూసి కొత్తవి చేర్చేవారు. గోడకి వీపు ఆనించి సగం దాకా కూర్చోవడం, ఆ తర్వాత మెట్లు. చివర్లో బావ పిట్టులో బియ్యం పోసి బరువు పెంచుతూ పోయాడు. దాహం వేస్తే నేనే లేచాను. అక్క వంటింట్లోనే ఉండేది, ఇటు చూసేది కాదు.

బోర్డు ముందు గొంతుక్కూర్చున్నాను. పిట్టుతో మెట్లెక్కాను. ఫిట్ అన్నారు. జూన్ నెలకల్లా పోస్టులో ఉన్నాను. ఆపరేటర్ నన్ను కావలించుకుని, ఊపిరి తీసుకోనివ్వకుండానే తీగ చుట్ట చేతికిచ్చాడు. అక్కడి డ్యూటీ గడువు పూర్తి చేసి నా కాళ్ల మీద నేను నడిచి ఇంటికొచ్చాను.

ఇప్పుడు మా ఊళ్లో భుజం పట్టేసిందనో, మెడ తిరగట్లేదనో, నడుం వంగట్లేదనో ఎవరైనా అంటే ముందు డాక్టరుకి చూపించమంటాను. ఆయన పంపితే ఫిజియోథెరపీ మానకుండా చేయించుకోమంటాను. దుప్పటి కప్పి పడుకోబెట్టకండని ఇంట్లోవాళ్లకి మరీ మరీ చెబుతాను. నన్ను మోసినవాళ్లనీ, ఆ హవల్దార్‌నీ, ఆ మేడంనీ తలుచుకోని రోజు లేదు.

కళ్లు మూసుకుంటే మాత్రం ఒకటే కనపడుతుంది. డాబా మెట్లు మొదటిసారి ఎక్కిన పొద్దు. మూడో మెట్టు మీద కాలు వణికింది. తూలాను. కింద నిలబడ్డ అక్క ఒక్క అంగలో ముందుకొచ్చి ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలంటే చేతులు వదలాలి. వదల్లేదు.

"ఎక్కరా," అంది.