పసుపు ఇంటి పాఠకురాలు

మాకు జర్నలిజం చెప్పిన సార్ పోయారు. శుక్రవారం పొద్దున ఆఫీస్‌లో ఉండగా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయారటే. నీకు చెప్పకపోతే ఎలా అని చేశా" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆయనకి నిజం చెప్పే అవకాశం ఇక లేదని మాత్రం తట్టింది.

2007లో మాస్టర్స్ కోసం నార్త్ కరోలినా వచ్చాను. సార్‌ది గుంటూరు, నాతో తెలుగే మాట్లాడేవారు. "పాఠకులు అనే గుంపు ఎక్కడా ఉండదమ్మా. ఒక ఇల్లు, అందులో ఒక మనిషి. అంతే" అనేవారు. ఊళ్లో పేపరు చదివే ఒక్కరిని వెతికి, మాట్లాడి, సెమిస్టరంతా వాళ్లకోసమే వార్తలు రాయమన్నారు.

నాకు కారు లేదు. పరాయి గుమ్మంలో నిలబడి నా ఇంగ్లీషు మాట్లాడే ధైర్యం అసలే లేదు. రోజూ బస్సులోంచి కనిపించే పసుపు ఇంటి నంబరు సార్‌కి రాసిచ్చి, అందులో ఒక ముసలావిడని కల్పించి పెట్టేశాను. ఒంటరిది, కాస్త చెవుడు అని కూడా రాశాను. ఏం తెలివో నాది.

రెండో వారం నా వార్త కింద సార్ చేతిరాత: "శనివారం వెళ్లి ఆవిడకి చదివి వినిపించాను. మూడో పేరా దగ్గర లేచి లోపలికి వెళ్లిపోయింది."

లేని మనిషి ఎలా లేస్తుంది?

"ఆవిడ... బాగున్నారా సార్?"

"బానే ఉందమ్మా. బస్సు రూటు మారుస్తున్నారని రాశావు కదా, మరి డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలని అడిగింది."

ఆయన ముఖంలో నవ్వు లేదు. ఒప్పుకుంటే కోర్సు, దాంతోపాటు వీసా పోతాయని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఏది రాస్తున్నా పక్కన ఎవరో కుర్చీ జరిపినట్టు వినిపించేది. నాకు రాయడం వచ్చింది ఆ భయంలోనే. ఆఖరి వార్త కింద సార్ ఒకటే రాశారు: "ఈసారి చివరిదాకా కూర్చుంది."

నిన్న ఆ ఇంటికి డ్రైవ్ చేశాను. కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి, గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎదురింటి పెద్దాయన ఆకులు ఊడుస్తున్నాడు.

"ఇరవై ఏళ్లుగా ఖాళీయే" అన్నాడు. "అప్పట్లో మీవాళ్లే ఒకాయన శనివారాలు వచ్చి, ఆ మెట్ల మీద కూర్చుని కాగితాలు చదివేవాడు. మధ్యలో ఆగి, తలుపు వైపు చూసి తలూపేవాడు. ఎందుకో మరీ గట్టిగా చదివేవాడు, మా వంటింట్లోకి వినపడేది."

అంటే సార్‌కి మొదటి శనివారమే తెలుసు. నన్ను పట్టివ్వలేదు, వదిలిపెట్టనూ లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

సార్ గురించి మా పేపరుకి నేను రాసిన వార్త బ్యాగ్‌లోనే ఉంది. మెట్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మూడో పేరా దగ్గర తలుపు వెనక ఏదో కదిలింది.

గొంతు పెంచి, ఆ పేరా మళ్లీ చదివాను.