రీలు చివర సీతాకోకచిలుకలు

నేను తిరువూరుకు కాపురానికి వచ్చేనాటికి డెబ్బైలు మొదలై కొద్దికాలమే అయింది. మాది దివిసీమలో కాలవ ఒడ్డు పల్లె. నల్లరేగడి, వరిచేలు, తూములు, బాతులు తప్ప వేరే నేల ఎరగను. ఇక్కడ బస్సు దిగగానే ఎర్రదుమ్ము, మామిడితోటలు, రోడ్డు పక్కన తంగేడు పొదలు. ఆ తంగేడు మీద లేతపసుపు రంగులో ఎగురుతున్న సీతాకోకచిలుకల్ని చూసి, "అదేంటండీ, పూలు ఎగురుతున్నాయి!" అని పైకే అనేశాను. మావారు పక్కున నవ్వారు. పెళ్లయ్యాక ఆయన నా ముందు నవ్వడం అదే మొదలు.

ఆయనకి బజారులో ఫొటో స్టూడియో ఉండేది. ముందు గది, మధ్యలో లైట్లూ తెరా ఉన్న గది, వెనక రీళ్లు కడిగే చీకటి గది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. మామగారు మా పెళ్లికి ముందే పోయారు. అత్తగారు రెడ్డిగూడెం వైపు వ్యవసాయం ఇంట్లో పుట్టిన మనిషి. పొలం లేని చోట ఆమె చేతులు ఊరుకోలేదు. పెరడంతా చెట్లు పెంచింది. ఓ నిమ్మచెట్టు, రెండు కరివేపాకు మొక్కలు, ఆముదం, పొట్ల పందిరి, కింద తిరగడానికి నాలుగు కోళ్లు.

ఆ నిమ్మచెట్టంటే ఆమెకి ప్రాణం. రోజూ పొద్దున్నే ఆకు ఆకూ తిప్పి చూసి, కనిపించిన పురుగునల్లా ఏరి కోళ్లకు వేసేది. చిన్నప్పుడు ఆ పురుగులు పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా ఉండి కనబడవు. పెద్దయ్యాక ఆకులో ఆకులా పచ్చగా అయిపోతాయి. ఆమె కళ్లకి ఏదీ దాగేది కాదు.

నేను పీయూసీలో జంతుశాస్త్రం చదివాను. సీతాకోకచిలుక జీవితచక్రం రికార్డులో రంగు పెన్సిళ్లతో గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను గాని, గూడు నుంచి రెక్కల పురుగు బయటికి రావడం ఒక్కసారీ చూడలేదు. ఆ మాట అత్తగారితో చెప్పి, "కొన్ని పురుగుల్ని ఉంచండి అత్తయ్యా" అని అడిగాను.

"ఉంచితే చెట్టుని మోడు చేసి పెడతాయే."

"ఒక్క కొమ్మ మీదే ఉంచుదాం. అది దాటితే మీ ఇష్టం."

ఆమె చెట్టు చుట్టూ తిరిగి, గోడ వైపు ఉన్న ఓ కొమ్మని చేత్తో పట్టి ఊపింది. "ఇదుగో, ఇది నీది. పక్క కొమ్మ మీదికి వచ్చిందంటే మాత్రం కోళ్ల పాలే. తర్వాత నన్ననకు."

అలా నాకు తిరువూరులో సొంతంగా ఓ నిమ్మకొమ్మ దొరికింది.

ఫొటోలు తీయాలన్న ఆలోచన మాత్రం స్టూడియో వల్ల వచ్చింది. ఎవరో ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో కావాలని హడావిడిగా వస్తారు. రేపటికల్లా ఇవ్వాలంటారు. రీలు ఇంకా మిగిలి ఉన్నా తీసి కడగాల్సిందే. ఆ మిగిలిన బొమ్మలన్నీ వృథా. "అవి నాకివ్వచ్చుగా" అన్నాను ఓ రోజు అన్నం వడ్డిస్తూ.

"ఏం చేస్తావు?"

"సీతాకోకల్ని తీస్తాను."

ఆయన మజ్జిగ పోసుకున్నారు. "అవి కదలకుండా కూర్చోవు కదోయ్" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

ఆ కెమెరా పైనుంచి తొంగిచూసే పెట్టెలాంటిది. ముందు రెండు అద్దాలు ఉంటాయి, పైది మనం చూడడానికి, కిందది బొమ్మ తీయడానికి. పైనుంచి చూస్తే కుడివైపున్నది ఎడమవైపు కనబడుతుంది. సీతాకోక కుడికి ఎగిరితే అద్దంలో ఎడమకు పోతుంది. నేను కెమెరాని అటు తిప్పేసరికి అది పూర్తిగా మాయం. మొదట్లో నేను తీసినవన్నీ ఖాళీ ఆకులూ, ఆకాశమూ. మావారు వాటిని చీకటి గదిలో కడిగి తెచ్చి, "బాగా వచ్చిందోయ్ గోడ" అనేవారు.

దగ్గరికి వెళ్తే ఇంకో చిక్కు. మూడు నాలుగు అడుగుల లోపలికి వస్తే బొమ్మ మసకబారిపోయేది. అందుకు మావారే ఉపాయం చేశారు. అత్తగారి పాత చత్వారం కళ్లజోడు విరిగి మూలన పడుంటే, దాని అద్దం ఒకటి తీసి అట్ట చట్రంలో బిగించారు. ముందు దాన్ని పై అద్దానికి తగిలించి చూసుకోవాలి. స్పష్టంగా కనబడ్డాక ఊడదీసి కింది అద్దానికి తగిలించాలి. ఆపైన రెండు అద్దాల మధ్య ఎడమెంతో అంత మందం చెక్కముక్క కెమెరా కింద దోపితే, మనం చూసిందే బొమ్మలో పడుతుంది. లేకపోతే తల తెగిపోతుంది. ఇదంతా అయ్యేదాకా ఏ సీతాకోకైనా ఆగుతుందా? కొత్తగా పుట్టింది ఒక్కటే ఆగుతుంది. రెక్కలు ఆరేదాకా అది ఎటూ పోలేదు. అందుకే నా ధ్యాసంతా ఆ కొమ్మ మీదే.

పురుగు బాగా తిని బలిశాక ఓ పుల్లకి అతుక్కుని, నడుముకి దారం చుట్టుకుని, వెనక్కి వాలి నిలబడింది. "తాటిచెట్టుకి మోకు వేసుకుని ఎక్కేవాడిలా లేదూ" అంది అత్తగారు. అచ్చం అలాగే ఉంది. మర్నాటికి పురుగు పోయి పచ్చటి గూడు మిగిలింది.

మొదటి గూడు దగ్గర కాపు కాశాను గాని, ఓ పొద్దున నూతి దగ్గరికి వెళ్లి నీళ్లు తోడుకొచ్చేసరికి ఖాళీ తొడుగు మాత్రం ఉంది. రెండో గూడు రోజు రోజుకీ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. చివరికి దాని పక్కన చిన్న బెజ్జం పడి, కందిరీగలాంటి సన్నటి పురుగు బయటికి వచ్చి ఎగిరిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అలాంటివి సీతాకోక పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయనీ, వాటి పిల్ల లోపలే తిని పెరుగుతుందనీ పుస్తకంలో చదివిందే. చదవడం వేరు, చూడడం వేరు.

అత్తగారు నా పక్కన కూర్చుని ఆ ఖాళీ గూడుని చేతిలోకి తీసుకుని చూసింది. "ఊరుకోవే. చెట్టు మీద ఇంకా లేవూ?" అంది. మర్నాడు చూద్దును గదా, పక్క కొమ్మ మీద పాకిన రెండు పురుగుల్ని కోళ్లకు వెయ్యకుండా ఆకుతో సహా తెచ్చి నా కొమ్మ మీద వదిలింది. నేను చూశానని తెలిసి, "కోళ్లకి రోజూ అవే పెడితే అరగవు" అంది.

మూడో గూడు వినాయకచవితి వెళ్లాక తయారైంది. పది రోజుల తర్వాత ఓ రోజు మావారు ఫిల్మూ, ఫొటో కాగితం కొనడానికి మొదటి బస్సుకే బెజవాడ వెళ్లారు. కెమెరా ఇంట్లోనే ఉంది, రీలులో మూడు బొమ్మలు మిగిలి ఉన్నాయి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"అమ్మాయ్, ఇలా రా! నీ గూడు నల్లబడింది."

పరిగెత్తాను. గూడు పొర పల్చబడి లోపలి రెక్కల నలుపూ, పసుపు మచ్చలూ కనబడుతున్నాయి. స్టూలు వేశాను, కెమెరా పెట్టాను, కళ్లజోడు అద్దం తగిలించాను. అయితే ఆ వేళప్పుడు ఆ కొమ్మ మీద గోడ నీడ. తొంగిచూస్తే అంతా చీకటి.

"వెలుతురు చాలదు అత్తయ్యా. ఎండ ఇక్కడికి వచ్చేసరికి అది ఎగిరిపోతుంది."

ఆమె లోపలికి వెళ్లి, చింతపండుతో తోమి పెట్టుకున్న పెద్ద ఇత్తడి పళ్లెం పట్టుకొచ్చింది. ఎండ పడుతున్న చోట నిలబడి పళ్లాన్ని అటూ ఇటూ తిప్పింది. పసుపుపచ్చటి వెలుగు గోడ మీద పాకి, ఆకుల మీద ఊగి, సరిగ్గా గూడు మీదికి వచ్చి ఆగింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. కదలకండి."

గూడు పైభాగం చిట్లింది. ముందు తల, ఆపైన కాళ్లు. బయటికి రావడానికి అది పడే తంటాలు చూసి నేను "అయ్యో" అన్నాను.

"ష్! మాట్లాడకే. నొప్పులు పడుతోంది."

ఆమె పుట్టిన ఊళ్లో ఎన్నో పురుళ్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఇప్పుడూ అదే గొంతు, అదే ముఖం. సీతాకోక మొత్తం బయటికి వచ్చి ఖాళీ గూడుని పట్టుకుని వేలాడింది. రెక్కలు తడిసి ముద్దయిన గుడ్డపీలికల్లా ఉన్నాయి.

"ఇదేంటే, అవిటిదా పాపం?"

"కాదత్తయ్యా, చూడండి."

అంతలో ఎర్రకోడి మెడ సాచుకుంటూ చెట్టు కిందికి వచ్చింది. నా రెండు చేతులూ కెమెరా మీద ఉన్నాయి. అత్తగారి రెండు చేతులూ పళ్లెం మీద ఉన్నాయి. ఆమె వెలుతురు కదలకుండా, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కోడిని అదిలించింది. "ఉష్! పో! పొమ్మన్నానా!" కోడి పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. ఆమె మళ్లీ అదిలించింది. పళ్లెం మాత్రం కదల్లేదు.

రెక్కలు మెల్లగా సాగాయి. ముడతలు విప్పుకుంటూ, నిండుకుంటూ, చివరికి నలుపు మీద మీగడరంగు మచ్చలతో, వెనక రెక్కల అంచున ఎర్రటి చుక్కతో పూర్తిగా విచ్చుకున్నాయి. నేను అద్దం మార్చి, చెక్క దోపి, ఊపిరి బిగబట్టి నొక్కాను. రీలు తిప్పి మళ్లీ నొక్కాను. మూడోసారి కూడా నొక్కాక ఇంక చేసేదేమీ లేక ఇద్దరం ఊరికే చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి అది రెక్కలు రెండుసార్లు ఆడించి, గోడ మీదుగా ఎగిరిపోయింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన అప్పుడు తెలిసింది.

"పోనీలే" అంది అత్తగారు పళ్లెం దించుతూ. "మన చెట్టాకు తిని పెరిగిందే అది" అని గోడ అవతలికి చూస్తూ చాలాసేపు నిలబడింది.

మావారు సాయంత్రం వచ్చి రీలు కడిగారు. ఒకదాంట్లో అంతా కదిలిపోయి మసకైంది, ఇంకోదాంట్లో సగం చీకటి. మూడోది మాత్రం కాళ్ల మీది నూగుతో సహా పడింది. ఆయన తడి నెగిటివ్‌ని వెలుతురుకి పట్టి చూసి చూసి, "ఇది నువ్వే తీశావా?" అన్నారు.

"లైటింగు నాది" అంది అత్తగారు.

పెద్ద సైజులో ప్రింటు వేశారు. పెళ్లి ఫొటోలకి రంగులు అద్దే పని అప్పటికే నేను నేర్చుకుంటున్నాను, దీనికీ నేనే అద్దాను. అత్తగారు పక్కనే కూర్చుని వదల్లేదు. "అంత పసుపు కాదే, మీగడలా ఉండాలి. ఆ ఎరుపు దానిమ్మ గింజలా ఉంది, నువ్వు కుంకం పెడుతున్నావు." రెండుసార్లు తుడిచి మళ్లీ వేశాను.

ఆ ఫొటోని మావారు స్టూడియో ముందు అద్దాల బీరువాలో, కొత్త దంపతుల మధ్య పెట్టారు. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, అది కదలకుండా ఎలా కూర్చుందని అడిగేవారు. ఓ పెళ్లికూతురైతే తన ఫొటోలో భుజం మీద ఇలాంటిది వాలినట్టు వెయ్యమంది. వేసిచ్చాను. రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉన్న ఓ పెద్దాయన, కూతురి నిశ్చితార్థం ఫొటోలు తీసుకుపోవడానికి వచ్చి, చాలాసేపు చూశాడు.

"ఒక్కదానికే ఇంత చేశారు. మా తోట వెనక వాగులో, తొలకరి పడ్డాక తడి ఇసక మీద చాపలు పరిచినట్టు వాలతాయండి. ఓసారి రండి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి."

మర్యాదకి అన్నాడనుకున్నాం. కానీ మరుసటి ఏడు మొదటి వానలు పడగానే మనిషి చేత కబురు పంపాడు. మావారు స్టూడియోకి తాళం వేశారు. ఎప్పుడూ అలా పనిరోజు మూసింది లేదు. కొత్త రీలు ఎక్కించి కెమెరా తీసుకున్నారు. అత్తగారు పులిహోర కలిపి, పెరుగన్నం కట్టింది.

బస్సు దిగి తోటలోంచి నడిచాం. కాయ దిగిపోయి చెట్లు తేలిగ్గా ఉన్నాయి. వాగులో నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఒడ్డు దిగగానే అత్తగారు ఆగిపోయింది. తడి ఇసక మీద లేతపసుపు సీతాకోకలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అన్నీ రెక్కలు ముడిచి ఒకే వైపు తిరిగి కూర్చుని నీళ్లు తాగుతున్నాయి. చోటు లేక కొన్ని వాటి మీదే వాలబోతున్నాయి.

కెమెరా నా చేతిలోకి వస్తుందనుకున్నాను. మావారు చెప్పులు విడిచి, ఇస్త్రీ చొక్కాతోనే తడి ఇసకలో బోర్లా పడుకుని, మోచేతుల మీద ముందుకు పాకడం మొదలుపెట్టారు. స్టూడియోలో అందరికీ గడ్డం ఎత్తమనీ, భుజాలు సరిచేసుకోమనీ చెప్పే మనిషి! అవి ఆయన చెయ్యి అందేంత దూరంలో ఉన్నా లేవలేదు. ఆయన నొక్కడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు.

"తీయండి మరి" అని నేను మెల్లగా అన్నాను.

"ఉండవోయ్" అన్నారు, తల తిప్పకుండానే.

మబ్బు వచ్చి ఎండని మూసింది. అన్నీ ఒక్కసారిగా లేచాయి. అత్తగారు అప్పటికే నీళ్లలోకి దిగి ఉంది. ఆమె చుట్టూ, తలమీదుగా, చేతుల కిందుగా పసుపు రెక్కలు. ఆమె కొంగు పట్టుకుని చిన్నపిల్లలా గిర్రున తిరిగి నవ్వింది. మావారు నొక్కింది అప్పుడే. తర్వాత కడిగి చూస్తే ఆ ఫొటోలో సీతాకోకలు కాగితం ముక్కల్లా పడ్డాయి, ఆమె ముఖం కాస్త కదిలి మసకైంది. ఆయన తీసిన వేల ఫొటోల్లో సరిగ్గా రానివి చించేసేవారు గాని, దాన్ని మాత్రం చించలేదు.

మబ్బు తొలగింది. అవి మళ్లీ వాలాయి. ఆ మధ్యాహ్నం మేం మామిడిచెట్టు కింద పులిహోర తిని, ఒకరి తర్వాత ఒకరం కెమెరా పట్టుకున్నాం. రీలు ఎప్పుడు అయిపోయిందో చూసుకోలేదు.

తిరుగు బస్సులో కండక్టరు మావారి చొక్కా ముందంతా బురద చూసి, "ఏంటి సార్, ఎక్కడైనా పడ్డారా?" అని అడిగాడు.

"పడలేదు బాబూ" అంది అత్తగారు, కిటికీ పక్క సీట్లో సర్దుకుంటూ. "సీతాకోకలకి ఫొటో తీశాడు."

అతను మా ముగ్గురి వంకా మార్చి మార్చి చూశాడు. తిరువూరుకి మూడు టికెట్లు చింపి ఆమె చేతిలో పెట్టాడు.