చంపావతి ఒడ్డున తీసిన ఫోటో

మొన్న ఆదివారం మా మనవరాలు బాప్తిస్మం తీసుకుంది. ఇప్పుడు మందిరంలోనే టైల్సు పరిచిన తొట్టి ఉంది. ఫోటో నన్ను తీయమని మనవడు తన ఫోను చేతిలో పెట్టి, కెమెరా ఆటోలో ఉంచెయ్యండి తాతయ్యా, అంతా అదే చూసుకుంటుంది అన్నాడు. ఆ మాటకు సిగ్గుతో నా చెయ్యి ఆగిపోయింది.

అరవైల చివర్లో నేను నెల్లిమర్ల దగ్గర బడిపంతులుగా కొత్తగా చేరినప్పుడు, ఓడ ఉద్యోగం చేసే మా బావ సెలవుకొచ్చి, తన కెమెరా కొన్నాళ్లు నా దగ్గర వదిలాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగును ఆటో గుర్తు మీద పెడితే ఎంత వెలుగు కావాలో కెమెరాయే తేల్చుకునేది. గుర్తు తప్పిస్తే లోపలి ముల్లు వెలుగెంతో చూపేది, రింగు ఎంత తిప్పాలన్నది మన నిర్ణయం. "ఒరే, తెల్లబట్టలూ ఇసకా ఉన్నకాడ ఆటో పెట్టకు. ఆ తెలుపు సూసి బెదిరిపోతాది, మన నల్ల మొగాలు దానికి ఆనవు. ముల్లు సెప్పినదానికన్నా వెలుగు రెండు గీతలు ఎక్కువియ్యి" అని బావ మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఆ వేసవిలోనే, జూటు మిల్లులో పనిచేసే మా పెద్దమ్మ బాప్తిస్మానికి సిద్ధపడింది. పెదనాన్న బతికున్నన్నాళ్లూ ఒప్పుకోనందువల్ల ఎన్నో ఏళ్లు ప్రార్థనలో చివరి చాప మీద కూర్చున్న మనిషి. "పుట్టి ఇన్నేళ్లకీ ఒక్క ఫోటువు దిగనేదు నాయనా, నీళ్లల్లోంచి లేసినప్పుడు నా మొగమెలాగున్నాదో సూసుకోవాల" అని నన్నడిగింది.

చంపావతి ఏటి ఇసుక కళ్లు చెదిరేలా మెరుస్తోంది. బాప్తిస్మమిచ్చే అయ్యగారు ఆమెను ముంచి లేపేసరికి నేనింకా తలవంచుకుని ముల్లు చూస్తూ రింగు తిప్పుతున్నాను. వెనక పాటలు పాడే కుర్రాళ్లలో ఒకడు, "ఏటిరా పంతులూ, నీకోసం ముసిల్ది మళ్లీ మునగాలేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. రింగును ఆటో మీదికి తోసేసి, అంతా తెలిసినవాడిలా దర్జాగా నొక్కాను.

ఫోటోలో తడిసిన తెల్లచీర ప్రతి మడతా స్పష్టంగా ఉంది. ముఖం ఉండవలసిన చోట నల్లటి మచ్చ. పెద్దమ్మ దాన్ని గుమ్మం వెలుగులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, "మొగమేదిరా?" అంది. నువ్వు కదిలిపోయావు పెద్దమ్మా అన్నాను. కదిలితే ముఖం చెరుగుతుంది గాని నల్లబడదని ఆమెకేం తెలుసు?

అప్పట్లో ప్రభువు బల్ల ముందు, రొట్టే ద్రాక్షరసమూ పంచకముందే, మనసులో తప్పు ఉన్నవాళ్లు సంఘం ఎదుట లేచి ఒప్పుకునే అలవాటుండేది. ఆ ఆదివారం పెద్దమ్మ లేచింది. "మొగం సూసుకోవాలన్న ఆశతో కదిలిపోనాను. అబ్బాయి కట్టం పాడుసేసినాను. ప్రభువు నన్ను సెమించాల" అంది. అయ్యగారు ఆమె కోసం ప్రార్థన చేశారు. పిల్లలకు వాక్యం చెప్పే నేను రెండు చాపల అవతల తలవంచుకు కూర్చున్నాను. రొట్టె అందుకున్నాను, పాత్రా అందుకున్నాను.

ఆ తరవాత ఆమె చాలా ఏళ్లు బతికింది. ఎవరడిగినా ఆ ఫోటో చూపించి, "నానే, కదిలిపోనాను" అని నవ్వేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగేశాను.

మొన్న ఫోనులో మనవరాలి ముఖం నీటి చుక్కలతో సహా చక్కగా పడింది. ఇప్పటి యంత్రాలు మన ముఖాలు చూడడం నేర్చుకున్నాయి. బల్ల ముందు లేచి నిలబడే అలవాటు మాత్రం పోయింది, ఒక్క నిమిషం మౌనంతో సరిపెడుతున్నారు. ఇన్నేళ్లకు లేవాలనిపించిన నాకు ఆ వేళా లేదు, వినవలసిన మనిషీ లేదు. ఇంటికొచ్చాక, పెద్దమ్మ పోయాక నా దగ్గరికి చేరిన ఆ పాత ఫోటో తీసి మనవడికి చూపించాను. ముఖం లేదేం తాతయ్యా, కదిలిందా అన్నాడు.

కదల్లేదు నాన్నా అన్నాను.