ఊరికే వచ్చిన ఏడాది

సదాశివకు ఊరికే వచ్చేదంటే భయం. అబిడ్స్‌లో పాత పుస్తకాలవాడు అడక్కుండా ధర తగ్గిస్తే, పేజీలు చిరిగాయేమోనని మొత్తం తిప్పి చూసే రకం. అలాంటివాడికి 1964లో, నాంపల్లిలోని తన ఆఫీసులో, ఏకంగా ఒక ఏడాది ఉద్యోగం ఊరికే వచ్చిపడింది.

సంగతేమిటంటే, ఆయన పుట్టింది ఫసలీ 1319, దై నెలలో. నిజాం కాలపు ఆ లెక్కను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చే పని గుంటూరు నుంచి వచ్చిన గోపాలరావుకు అప్పగించారు. అతను అందరికీ 591 కలుపుకుంటూ పోయాడు. ఫసలీ ఏడాది మొదలయ్యేది అక్టోబరులో. జనవరి వచ్చాక పుట్టినవాళ్లకు 591 సరే, అంతకుముందు పుట్టినవాళ్లకు 590 కలపాలి. దై అంటే ఇంచుమించు నవంబరు. 1909లో పుట్టిన సదాశివ కాస్తా 1910లో పుట్టినట్టయింది. యాభై అయిదు నిండగానే ఇంటికి పంపే రోజులవి. ఈ నవంబరులో దిగిపోవాల్సినవాడు వచ్చే నవంబరు దాకా ఉండొచ్చు. చిన్న కూతురు విద్యావతి కోఠి కాలేజీలో ఆఖరి ఏడు చదువుతోంది. అందాకా జీతం వస్తే అంతకంటే ఏం కావాలి?

మరొకరైతే కిక్కురుమనకుండా ఊరుకునేవారు. సదాశివకు మాత్రం నిద్ర పట్టలేదు. తన తర్వాత ఆ కుర్చీ గోపాలరావుదే. వాడు తనకెందుకు మేలు చేస్తాడు? రేపు దొంగ వయసు రాయించుకున్నాడని చెప్పి పెన్షన్ ఆపించడానికే ఈ ఎత్తు అనుకున్నాడు. గోపాలరావు చాయ్ తెప్పిస్తే అనుమానం, తెప్పించకపోతే మరీ అనుమానం.

"గట్ల ఫికర్ చేసుడెందుకు? గాయన్నే ఒక్కసారి అడుగరాదుండ్రి," అంది భార్య జయమ్మ.

అడిగితే జాగ్రత్త పడతాడన్నాడు సదాశివ. మర్నాడు తిన్నగా ఆఫీసరు దగ్గరికి వెళ్లి, గోపాలరావు తనమీద కుట్ర చేశాడని చెప్పి, తన తేదీ తానే దిద్దించుకున్నాడు. గోపాలరావుకు అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. నవంబరులో సదాశివ దిగిపోవాలి, ఆ కుర్చీలో గోపాలరావు కూర్చోవాలి.

అప్పటిగ్గానీ ఆ మహానుభావుడి బుర్రకు తట్టలేదు. కుర్చీ మీద కన్నున్నవాడు తనకు ఏడాది ఎందుకు పెంచుతాడు? అది ఈ ఊరి లెక్క తెలియక చేసిన పొరపాటు. దానివల్ల నష్టపోయేదీ గోపాలరావే. సదాశివ సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక గోపాలరావే వచ్చి సదాశివ బల్ల ముందు నిలబడ్డాడు.

"తప్పని నాకు చెబితే నేనే దిద్దేవాణ్ణి కదండీ సదాశివగారూ. ఎనిమిదేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం."

"ఔ," అన్నాడు సదాశివ. ఈసారి చాయ్ తనే తేవడానికి లేచాడు.